స్టాంపు కాగితం పట్టే ప్రింటర్

ప్రొద్దుటూరులో తండ్రి పేరు మీద ఉన్న చెలకను అన్నలిద్దరూ పట్నం ఆసామికి అమ్మినప్పుడు చెల్లెలికి పసుపు కుంకుమ కింద ముప్పై అయిదు వేలు ఇచ్చారు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఇలాంటి అమ్మకం జరగని వారం లేదు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచేకొద్దీ ఇటు కనకమామిడి, సురంగల్ దాకా చేలచుట్టూ కంచెలు పడ్డాయి, కంచెలకు గేట్లు వచ్చాయి. కృష్ణవేణికి డబ్బు ముట్టిన సాయంత్రమే మొయినాబాద్‌లో ఆమె ఇంట్లో దాని ఖర్చు కూడా ఖాయమైపోయింది. ఇంటికి కంప్యూటర్ కొనాలి.

ఖాయం చేసినవాడు ఆమె భర్త వీరేశం. బస్టాండు పక్కన వాళ్లకు కిరాణా దుకాణం ఉంది. కొడుకు సాయితేజ ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. ఇంట్లో కంప్యూటర్ ఉంటే పిల్లవాడు సాఫ్ట్‌వేర్ అయిపోయినట్టేనని ఊరంతా నమ్మిన కాలం అది. ఉప్పుకు వచ్చినవాడికీ పప్పుకు వచ్చినవాడికీ వీరేశం ఆ సంగతి చెప్పేశాడు. కృష్ణవేణిని ఎవరూ అడగలేదు. బలవంతమేమీ కాదు. అడగాల్సింది ఉందని ఎవరికీ తోచలేదంతే. ఆమె కూడా తల ఊపింది.

తల ఊపిందే కాని, ఆమె మనసులో వేరే సంగతి తిరుగుతోంది.

పదో తరగతి అయ్యాక ఆమె చేవెళ్లలో మేనత్త ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంది. అనంతయ్య సారు అనే ఆయన అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఇంగ్లిష్ అందరూ నేర్చుకునేవాళ్లు. తెలుగు టైపు కష్టం. అక్షరం ఒక చోట, గుణింతం ఒక చోట, ఒత్తు ఇంకో చోట. వేళ్లకు వంకర్లు తిప్పే పని. కృష్ణవేణి తెలుగు లోయర్, హయ్యర్ రెండూ ఫస్టు క్లాసులో పాసయింది. హయ్యర్ ఫలితాలు వచ్చిన నెలలోనే పెళ్లయింది. అత్తవారింట్లో తూకం రాళ్లున్నాయి, గోనె సంచులున్నాయి, గల్లాపెట్టె ఉంది. టైపు మిషను లేదు, దాని అవసరమూ లేదు. కొన్నాళ్లు ఆమె చపాతి పీట మీద, మంచం పట్టె మీద వేళ్లు ఆడించేది. తర్వాత ఆ అలవాటు కూడా పోయింది.

చెలక అమ్మకం కాగితాల మీద ఆడబిడ్డ సంతకం కూడా ఉండాలంటే ఆ వానాకాలంలో ఆమె చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లింది. ఆఫీసు ఎదురు వరసలో, రేకుల గదిలో అనంతయ్య సారు కనిపించాడు. జుట్టంతా నెరిసింది. పిల్లలందరూ కంప్యూటర్ కోర్సులకు పోతుండటంతో ఇన్‌స్టిట్యూట్ మూసేసి దస్తావేజులు రాస్తున్నానన్నాడు. ఇప్పుడు చేతిరాత దస్తావేజు పట్నం వాళ్లకు పట్టదు. కంప్యూటర్ మీదే కావాలంటారు. పక్క గదిలో ఇద్దరు కుర్రవాళ్లు ఆ పని చేసి పెడుతున్నారు. కృష్ణవేణి తన వంతు వచ్చేదాకా ఆ గది గుమ్మంలో నిలబడి చూసింది. ఒక కుర్రవాడు చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరాన్ని వెతికి పట్టుకుంటున్నాడు. కోడి గింజ ఏరుకున్నట్టుంది. బయట జనం చెట్టు కింద కూర్చుని విసుక్కుంటున్నారు.

ఆమె తిరిగి వచ్చి అనంతయ్యను నేరుగానే అడిగింది, తన దగ్గర కంప్యూటర్ ఉంటే పని ఇస్తారా అని.

ఆయన వెంటనే ఇస్తాననలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇస్త బిడ్డా. నీ చెయ్యి నాకు ఎరికే గదా. కని ఉత్త టైపు జేస్తె నడువది. స్టాంపు కాయిదం మీద అచ్చు పడాలె. తడి తగిల్తె సిరా పారొద్దు. గది నీతోని అయితదా?"

అవుతుందో కాదో ఆమెకు తెలియదు. అప్పటికి ఆమె కంప్యూటర్‌ను ముట్టుకుని కూడా ఎరగదు. పాడైపోయిన స్టాంపు కాగితాలు రెండు అడిగి తీసుకుని, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కింది.

వాళ్ల మేడ మీద కిరాయికి ఉండే వెంకటరావు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. కోస్తా వైపు వాళ్లు. భార్య రమణి, చిన్న పాప శ్రీవల్లి. నెమ్మదస్తుడు. ఆదివారం సాయంత్రం వీరేశం ఆయనను కిందికి పిలిచి కూర్చోబెట్టాడు. వెంకటరావు మొదట అడిగిన మాట, కంప్యూటర్ ఎందుకు అని. పిల్లవాడి చదువుకని వీరేశం చెప్పాడు. సాయితేజ బొమ్మలు బాగా కనబడాలని, పాటలు వినబడాలని, ఇంటర్నెట్ రావాలని చెప్పాడు. దానికి తగ్గట్టే వెంకటరావు లెక్క వేశాడు. పెంటియం ఫోర్ ప్రాసెసర్, పెద్ద హార్డ్ డిస్క్, బొమ్మల కోసం వేరే కార్డు, స్పీకర్లు, మోడెమ్, సీడీ మీద రాసే డ్రైవు. ర్యామ్ అంటే ఏమిటో, హార్డ్ డిస్క్ అంటే ఏమిటో వీరేశానికి ఓపికగా చెప్పాడు. వీరేశం కాసేపు ఆలోచించాడు. హార్డ్ డిస్క్ గోదామన్నమాట, ర్యామ్ గల్లా ముందు బల్లన్నమాట, గోదాము ఎంత పెద్దదైనా బల్ల చిన్నదైతే బేరం నడవదు, అంతే కదా అన్నాడు. అంతేనని వెంకటరావు నవ్వాడు. ఆ లెక్కలో ప్రింటర్ లేదు. ఉన్న డబ్బు అప్పటికే అయిపోయింది.

కృష్ణవేణి టీ ఇచ్చి, గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. వంటింట్లో నిలబడి, చెప్పనా వద్దా అనుకుంది. చెప్పలేదు.

మర్నాడు బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడు రమణికి చెప్పింది. చెలక సంగతి, అనంతయ్య సంగతి, టైపు పరీక్షల సంగతి, అన్నీ. రమణి శ్రీవల్లి తల దువ్వుతూ అంతా విన్నది. తన భర్తకు తను చెప్పగలనని, కానీ ఇంట్లో అన్నయ్యగారికి చెప్పాల్సింది మాత్రం వదినగారేనని అన్నది.

మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ పలచబడే వేళ కృష్ణవేణి అన్నం గిన్నె పట్టుకుపోయింది. వీరేశం తింటున్నంతసేపూ గల్లా దగ్గర కూర్చుంది. చెయ్యి కడుక్కున్నాక చెప్పింది.

"కంప్యూటర్ నాకు గావాలె."

వీరేశానికి అర్థం కాలేదు. "ఇంట్లనే ఉంటది గదా. నువ్వు గూడ చూస్కో, ఎవలు వద్దన్నరు?"

"చూసుడు గాదు. దస్తావేజులు టైపు జేస్త. అనంతయ్య సారు ఇస్త అన్నడు."

వీరేశం ఆమెను వింతగా చూశాడు. అతనికి రిజిస్ట్రేషన్ ఆఫీసు తెలుసు. అక్కడి బ్రోకర్లు, కార్లు, నోట్ల కట్టలు, అరుపులు తెలుసు. ఆ గుంపులో భార్య కూర్చోవడం అతని ఊహకు అందలేదు. ఆమె అక్కడ కూర్చోనన్నది. రాత ఇంటికి తెచ్చుకుని, అచ్చు తీసి, పొద్దున బస్సులో పోయి ఇచ్చి వస్తానన్నది.

"మరి పోరని సదువు?"

"వాని పరీక్షల లెక్కలు, ఫిజిక్సు ఉన్నయి. కంప్యూటర్ మీద ఒక్క ప్రశ్న గూడ రాదు, నేనే అడిగి తెలుసుకున్న. వాడు నేర్చుకునేటందుకు చిన్నది గూడ సాలు. నాకు ప్రింటర్ లేకుంటె ఏదున్నా సాలది."

ఇంతలో ఎవరో చక్కెరకు వచ్చారు. వీరేశం లేచి తూచి ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పైసలు నీవే కదా, నేను చెప్పేదేముంది అన్నాడు. అది ఒప్పుకోలు కాదని ఆమెకు తెలుసు. ఆ రెండు మూడు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఊరందరికీ పెంటియం ఫోర్ అని చెప్పుకున్న మనిషి. అతని నామోషీ అతనిది.

వెంకటరావు మాత్రం ఏమీ అనుకోలేదు. మొన్ననే చెప్పి ఉండాల్సింది అక్కయ్యగారూ అని, కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచి వేశాడు. టైపు పనికి వేగం పెద్దగా అక్కర్లేదు. చవక ప్రాసెసర్ చాలు. కానీ మదర్‌బోర్డు మంచిది తీసుకుంటే, రేపు డబ్బు వచ్చినప్పుడు ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకోవచ్చు. బొమ్మల కార్డు వద్దు. మోడెమ్ తర్వాత చూసుకోవచ్చు. కరెంటు పోయినా పని పోకుండా యూపీఎస్ తప్పదు. సిరా చల్లే ప్రింటర్ అయితే తడికి పారుతుంది కాబట్టి లేజర్ ప్రింటరే కావాలి. కొత్తది వాళ్లకు అందదు, పాతది వెతకాలి. ఇంకోమాట చెప్పాడు.

"అన్నిటిలోనూ తగ్గించండి కానీ మానిటర్ మాత్రం కొత్తది తీసుకోండి అక్కయ్యగారూ. పనంతా మీ కళ్లతోనే కదా."

అలాగేనని కృష్ణవేణి తల ఊపింది.

ఆ శనివారం వెంకటరావు కారులో సికింద్రాబాద్ బయలుదేరారు. వీరేశం రానన్నవాడు చివరి నిమిషంలో దుకాణం తాళం వేసి వచ్చాడు. మీరిద్దరూ పోతే నిలువునా ముంచుతారు, బేరం మీకేం తెలుసు అన్నాడు. సాయితేజ కిటికీ పక్కన మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

కంప్యూటర్ బజారంటే ఒకే పెద్ద భవనం. ప్రతి అంతస్తులో వరసగా ఇరుకు గదులు, నడవా నిండా అట్టపెట్టెలు, మెట్ల మీద కూడా జనం. ముందు ప్రింటర్ దొరికితేనే మిగతావి అని కృష్ణవేణి పట్టుబట్టింది. పాత ప్రింటర్లు అమ్మే మొదటి గదిలో ఆమె బ్యాగులోంచి స్టాంపు కాగితం తీసి ఇచ్చి, దీని మీద అచ్చు తీసి చూపించమంది. కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి లోపలికి తోశాడు. సగం దూరం పోయి కాగితం ఇరుక్కుంది. లాగితే మడతలు పడి, ఓ మూల చిరిగి వచ్చింది. ఇది ప్రింటర్‌లో పెట్టే కాగితం కాదని అతను విసుక్కున్నాడు. కృష్ణవేణి పక్క గదికి నడిచింది. అక్కడ ఉన్న ఒక్కటీ అచ్చు వెలిసిపోయి వేసింది.

పై అంతస్తులో ఓ నడివయసు మనిషి మూతపడ్డ చిన్న కంపెనీల సామాను గంపగుత్తగా కొని అమ్ముతున్నాడు. ముందటి ఏడాది అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కు దెబ్బ తగిలినప్పుడు ఇక్కడ అలాంటివి చాలా మూతపడ్డాయట. కుర్చీలు, ఫోన్లు, మానిటర్లు, ప్రింటర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అందులో పొట్టిగా, బరువుగా ఉన్న ప్రింటర్‌ను అతను చూపించాడు. దాని వెనుక తలుపు తెరిస్తే కాగితం వంగకుండా తిన్నగా పోతుందట. మిగిలిన ఒక్క స్టాంపు కాగితమూ కృష్ణవేణి ఇచ్చింది. ఇది కూడా చిరిగితే పరీక్షకు ఇంకోటి లేదు. కాగితం లోపలికి పోయింది, కాసేపు చప్పుడైంది, వెనుక నుంచి తిన్నగా జారి బయటపడింది. అక్షరాలు నల్లగా, గట్టిగా ఉన్నాయి. ఆమె నాలుకకు వేలు తాకించి వాటి మీద రుద్దింది. చెదరలేదు.

అప్పటిదాకా వెనుక నిలబడ్డ వీరేశం ఆ కాగితం అందుకుని తనూ ఓసారి రుద్ది చూశాడు. తర్వాత బేరం అతను తీసుకున్నాడు. పాడైతే జిమ్మేదారి ఎవరిదన్నాడు, సామాను దొరుకుతుందా అన్నాడు. ఇది తన ఇంటిది పని కోసం కొంటోంది కాని ఆట కోసం కాదని, రేపు ఆగిపోతే ఆమె మాట పోతుందని చెప్పాడు. కృష్ణవేణి అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. చివరికి ఆరు నెలల పూచీ బిల్లు మీద రాయించి, ధర దించి, డబ్బు లెక్కపెట్టాడు.

మిగతావి కింది అంతస్తులో కొన్నారు. ప్రాసెసర్, మదర్‌బోర్డు వెంకటరావు చెప్పినట్టే తీసుకున్నారు. కరెంటు అందించే డబ్బా బరువుంటే మంచిదని ఆయన అంటే, వీరేశం రెండు చేతులతో రెండు డబ్బాలు ఎత్తి చూసి ఒకటి పక్కన పెట్టాడు. అంతా కుదురుతోంది. అప్పుడు కృష్ణవేణి కొడుకు ముఖం చూసింది. సాయితేజ ఏమీ అడగడం లేదు. స్పీకర్ల పెట్టె మీద బొమ్మ వైపు చూసి, తల తిప్పుకుంటున్నాడు. ఇంకా అలిగే ఉంటే ఆమె పట్టించుకునేది కాదేమో.

స్పీకర్లు, సీడీ మీద రాసే డ్రైవు కూడా వేయమని కొట్టువాడికి చెప్పింది. అవి వేస్తే కొత్త మానిటర్‌కు డబ్బు చాలదు. పైన కుప్పలో ఉన్న పాత మానిటరే తీసుకుంటానన్నది. వెంకటరావు ఒకసారి వద్దన్నాడు. రెండోసారి అనలేదు. మానిటర్ పెట్టి చూస్తే బొమ్మ బాగానే కనబడింది.

మొదటి రోజు కీబోర్డు ముందు కూర్చుంటే ఆమెకు ఏ అక్షరం ఎక్కడుందో ఒక్కటీ గుర్తు రాలేదు. టైపు మిషను వరసనే ఒప్పుకునే తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చారు, అయినా గుర్తు రాలేదు. గుర్తు చేసుకుందామని అనుకున్నకొద్దీ తప్పులు పోతున్నాయి. కాసేపటికి విసుగొచ్చి, ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చూస్తూ, అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టుకుంటూ పోయింది. తల దించి చూసేసరికి తెర మీద తిథి, వారం, నక్షత్రం, కింద దుకాణాల పేర్లు, అన్నీ సరిగ్గా పడి ఉన్నాయి. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో పేజీ తిప్పి అదీ కొట్టింది. మీటలు మిషను మీద కొట్టినంత గట్టిగా కొడుతోందని, విరుగుతాయని సాయితేజ మొత్తుకున్నాడు.

దసరా నాటికి పని నిలదొక్కుకుంది. అనంతయ్య రాసి ఇచ్చినవి ఆమె అచ్చు తీసి తీసుకుపోయేది. ఆయన తప్పులు వెతికి వెతికి చివరికి వెతకడం మానేశాడు. పక్కవాళ్లు కూడా ఇవ్వసాగారు. సాయంత్రం కొడుకు కూర్చోవడానికి కంప్యూటర్ ఖాళీగా దొరకడం కష్టమైంది.

చలికాలం మొదట్లో మానిటర్ మసకబారింది. ఒక్కసారిగా కాదు. రోజుకింత. అక్షరాల అంచులకు నీడ పడుతోంది. ఒత్తులు పాకి కింది వరసను తాకుతున్నాయి. సాయంత్రానికి ఆమెకు తలనొప్పి వచ్చేది. అమృతాంజనం రాసుకుని మళ్లీ కూర్చునేది. మానిటర్ మార్చాలని అంటే స్పీకర్ల మాట వస్తుందని, తను చేసిన తప్పు తనే చెప్పుకోవాలని, ఊరుకుంది.

సంక్రాంతి వెళ్లాక అనంతయ్య కబురు పెట్టాడు, వెంటనే రమ్మని.

సురంగల్ దస్తావేజు ఒకదానిలో సర్వే నంబరు తప్పు పడింది. మూడు ఉండాల్సిన చోట ఎనిమిది. కొన్నవాడు పట్టా మార్పుకు మండల ఆఫీసుకు పోతే అక్కడ బయటపడింది. ఆమె వెళ్లేసరికి ఆ మనిషి అనంతయ్య గదిలో నిలబడి గట్టిగా మాట్లాడుతున్నాడు. అనంతయ్య తల వంచుకుని, చూసుకోవాల్సింది నేనే అని సర్దిచెబుతున్నాడు. కృష్ణవేణి చెప్పులు విడిచి లోపలికి పోయింది. చేతిరాత కాగితం తీయించి చూసింది. అందులో మూడు స్పష్టంగా ఉంది.

"తప్పు సారుది గాదు," అన్నది ఆ మనిషితో. "టైపు జేసింది నేను. సవరణ కాయిదానికి అయ్యే ఖర్చు నాది."

ఆ మనిషి కాస్త తగ్గాడు. కానీ సవరణ దస్తావేజు మీద అమ్మిన మనిషి కూడా మళ్లీ వేలిముద్ర వేయాలి. అమ్మినది బీరమ్మ అనే ముసలామె. కబురు పెడితే రానన్నది. భూమి అమ్మేశాను, వేలు వేశాను, మళ్లీ వేలంటే మిగిలిన నాలుగు గుంటల నేల కూడా రాయించుకుంటారని ఆమె భయం. కొన్నవాడు కారు పంపితే తలుపు వేసుకుంది.

కృష్ణవేణి సురంగల్ వెళ్లింది. తనొక్కతే పోతానన్నా వీరేశం స్కూటర్ తీశాడు. బీరమ్మ గొర్రెల దొడ్డి పక్కన కూర్చుని ఉంది. వీళ్లను చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"మల్ల ఏం రాసుకునేటందుకు వచ్చిన్రు బిడ్డా?"

తను రాసినదాంట్లో తప్పు పడిందని కృష్ణవేణి చెప్పింది. ఒక్క అంకె తప్పు పడిందని, ఆ తప్పు అట్లాగే ఉంటే అమ్మని భూమి అమ్మినట్టుగా కాగితంలో ఉంటుందని చెప్పింది. బీరమ్మ నమ్మలేదు. అందరూ ఇట్లనే చెబుతారన్నది. కృష్ణవేణి అక్కడే నేల మీద కూర్చుని, పాత దస్తావేజు నకలు బ్యాగులోంచి తీసి, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి రాసి ఇస్తున్నారో, ఏ ఊళ్లో, ఎంత భూమి, తూర్పున ఎవరి చేను, పడమట ఏ వాగు, అన్నీ చదివింది. కఠినమైన మాట వచ్చినచోట ఆగి, మామూలు మాటల్లో చెప్పింది. తప్పు పడ్డ అంకె దగ్గర బీరమ్మ చెయ్యి పట్టుకుని వేలు పెట్టించింది. తర్వాత సవరణ కాగితం కూడా మొత్తం చదివింది.

బీరమ్మ కొంచెం ముందుకు జరిగింది. వాగు పేరు ఇంకోసారి చదవమన్నది. చదివితే, ఔను, అది మావోళ్ల వాగే అన్నది.

"గిన్ని మాటలున్నయా బిడ్డా దాంట్ల? వేలు పెట్టుమన్నరు, పెట్టిన. ఏమున్నదో ఎవ్వలు చదువలేదు."

మర్నాడు బీరమ్మ తనే బస్సెక్కి చేవెళ్ల వచ్చి వేలిముద్ర వేసింది.

ఆ పని ముగించి చేవెళ్ల నుంచి స్కూటర్ మీద ఇంటికి వచ్చేటప్పుడు కృష్ణవేణి మానిటర్ సంగతంతా భర్తకు చెప్పింది. స్పీకర్లు వద్దనుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదన్నది. ఇక పని మానేస్తానని కూడా అన్నది. ఇంకెవరి భూమి మీదైనా ఇంకో అంకె తప్పు పడితే తను తట్టుకోలేనన్నది. వీరేశం స్కూటర్ నడుపుతూ విన్నాడు. రెండు రోజుల తర్వాత దుకాణం మధ్యాహ్నమే మూసి సికింద్రాబాద్ పోయాడు. సాయంత్రం ఆటోలో కొత్త మానిటర్ పెట్టెను దింపుకున్నాడు. దుకాణం డబ్బుతో కొన్నాడు. సాయితేజ పాతది పీకి కొత్తది తగిలించాడు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు సూది మొనల్లా నిలబడ్డాయి. కింద చప్పుడు విని మేడ దిగి వచ్చిన వెంకటరావు చూసి బాగుందన్నాడు.

కృష్ణవేణి పని మానలేదు. స్టాంపు కాగితం ఎక్కించే ముందు ప్రతి దస్తావేజునూ రెండోవాళ్లతో చదివించుకోవడం మాత్రం నియమంగా పెట్టుకుంది. కాగితం చదవలేనివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు తనుంటే మొత్తం చదివి వినిపించేది. దానికి వేరే డబ్బు తీసుకునేది కాదు. అనంతయ్య మొదట్లో ఆలస్యమవుతుందని గొణిగాడు. తర్వాత ముసలివాళ్లు కొందరు ఆ చదివే అమ్మ వచ్చినాకే వేలు పెడతామని కూర్చుంటుంటే, ఆమె వచ్చే బస్సు వేళకే వాళ్లను రమ్మనసాగాడు.

సాయితేజకు మంచి ర్యాంకు రాలేదు. మొయినాబాద్ చుట్టూ అప్పుడే పుట్టుకొస్తున్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదానిలో చేరాడు, ఇంటి నుంచే పోయి వచ్చేవాడు. పెంటియం ఫోర్ వాళ్ల ఇంటికి ఎప్పటికీ రాలేదు. అది రాకపోయినందుకు ఊళ్లో ఎవరూ వీరేశాన్ని ఏమీ అడగలేదు కూడా.

రెండోసారి చదివి చూసే పని వీరేశానిదయింది. దుకాణంలో గిరాకీ తగ్గే మధ్యాహ్నం వేళ ఇద్దరూ గల్లా దగ్గర కూర్చుంటారు. చేతిరాత కాగితం అతని దగ్గర, మామూలు కాగితం మీద తీసిన అచ్చు ఆమె దగ్గర. అతను కళ్లద్దాలు పెట్టుకుని, పప్పు తూచినంత జాగ్రత్తగా ఒక్కొక్క అంకె పైకి చదువుతాడు. ఆమె ఊఁ కొడుతూ పెన్సిల్‌తో టిక్కు పెడుతుంది. ఓ రోజు కనకమామిడి భూమి హద్దులు చదువుతుండగా పక్కింటి పిల్ల అక్షిత కొబ్బరినూనె సీసా పట్టుకుని వచ్చింది. కాసేపు నిలబడి, మామా నూనె అన్నది.

వీరేశం తల ఎత్తకుండానే చెయ్యి చూపించాడు.

"జర ఆగు బిడ్డా. ఉత్తరం అయింది. దక్షిణం ఒక్కటి సదువుకోని ఇస్త."